సొంత బండి, సొంత చెయ్యి – 7వ పాఠం: టెంపరేచర్ ముల్లు ఊగుతుంటే

పోయిన పాఠం చూసి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మార్చిన వాళ్లలో చాలామందిది ఇప్పుడు ఒకటే గోల. ‘అంతకుముందు ముల్లు మధ్యలో కదలకుండా ఉండేదండీ, ఇప్పుడు ముప్పావు దాకా ఎక్కి మళ్లీ దిగుతోంది’ అని. కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్‌తో మొదలుపెట్టాల్సిన పాఠం ఇది. ముందు ఈ గొడవ తేల్చేద్దాం.

మీ సెన్సర్‌కేమీ కాలేదు. లోపల గాలి ఉండిపోయింది. రేడియేటర్ మెడ దాకా నిండగానే మూత బిగించేశారు. పోయిన పాఠంలో హీటర్ తిప్పమన్న మాట మాత్రం వదిలేశారు, ఎండాకాలంలో హీటరేమిటని నవ్వుకుని ఉంటారు. డాష్‌బోర్డు వెనక హీటర్ కోర్ అని ఒక చిన్న రేడియేటర్ ఉంటుంది. గాలి చేరడానికి అది ఇష్టమైన చోటు. కొన్ని బండ్లలో నాబ్ వేడి వైపు తిప్పితేనే అందులోకి కూలెంట్ పారుతుంది. థర్మోస్టాట్ అంటే కూలెంట్ వేడెక్కాక తెరుచుకుని రేడియేటర్‌కి దారిచ్చే వాల్వ్. గాలి బుడగ దాని దగ్గరికి చేరితే వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, ముల్లు ఎక్కుతుంది. తెరుచుకోగానే రేడియేటర్‌లోని చల్లటి కూలెంట్ ఒక్కసారిగా వచ్చిపడి ముల్లు దిగుతుంది. బుడగ సెన్సర్ మొన దగ్గరే ఆగితే ఇంజిన్ కాగిపోతున్నా ముల్లు కిందే ఉంటుంది. దానికే ఎక్కువ భయపడాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బండి ముందు చక్రాలు ఎత్తు మీద ఉండేలా ఆపండి. మూత తీసి, హీటర్ పూర్తి వేడి మీద, బ్లోయర్ ఒకటి మీద పెట్టి స్టార్ట్ చెయ్యండి. మట్టం దిగిన కొద్దీ కూలెంట్ పొయ్యండి. పై హోస్ పైపును గుడ్డతో పట్టుకుని నాలుగుసార్లు నొక్కితే బుడగలు గుడగుడమంటూ పైకొస్తాయి. గాలి వదిలే బ్లీడర్ స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి, బుడగల్లేని ధార వచ్చాక బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక మూత పెట్టెయ్యండి. మర్నాడు పొద్దున్న రిజర్వ్ ట్యాంకు చూసి మళ్లీ నింపండి. ఇంత చేశాక కూడా బుడగలు ఆగకుండా వస్తుంటే, కూలెంట్ తరుగుతుంటే అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పై హెడ్‌కీ మధ్య ఉండే సీలు) వ్యవహారం. అక్కడ ఇంటి రిపేరు ఆపెయ్యండి.

కూలెంట్ ముట్టుకోకుండానే ముల్లు ఊగుతున్న వాళ్లు, అది ఎప్పుడు ఊగుతోందో చూడండి. సిగ్నల్ దగ్గర ఎక్కి, బండి కదలగానే దిగితే లోపం రేడియేటర్ ఫ్యాన్‌ది, లేదా దానికి కరెంటు ఇచ్చే స్విచ్చు, రిలేది. హైవే మీద, శ్రీశైలం ఘాట్‌లో రెండో గేరులో ముల్లు ఎక్కితే రేడియేటర్ పూడుకుపోయింది, లేదా పంపు సరిగా తొయ్యడం లేదు. హెడ్‌లైట్ వెయ్యగానే ముల్లు గెంతితే లోపం ఎర్త్ వైరుది. అంత ఇనుము, అన్ని లీటర్ల నీళ్లు ఒక్క సెకనులో వేడెక్కవు.

నేనైతే ముల్లును నమ్మను. కొత్త బండ్లు చాలావాటిలో ఇంజిన్ వేడి కొన్ని డిగ్రీలు అటూఇటూ అయినా ముల్లును మధ్యలోనే నిలిపి ఉంచుతారు. అది కదిలిందంటే లోపల తేడా పెద్దదే. స్టీరింగ్ కింద సాకెట్‌కి చవక ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ అంకెలు చదివే పరికరం) పెట్టి ఫోన్‌లో డిగ్రీలు చూసుకోండి. పాత బండ్లలో మీటరుకొక సెన్సర్, కంప్యూటరుకొక సెన్సర్ ఉంటాయి. ఫోన్‌లో అంకె నిలకడగా ఉండి ముల్లు మాత్రం ఊగితే, ఇంజిన్ జోలికి వెళ్లొద్దు. లోపం మీటరు వైపు ఉంది.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. ముల్లు ఊగుతోందని షెడ్డుకి తీసుకెళ్తే, ‘మనది వేడి దేశం సార్, ఈ వాల్వ్ చలి దేశాలకి’ అంటూ థర్మోస్టాట్ పీకి చేతిలో పెడతారు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు! బయట నలభై అయిదు డిగ్రీలున్నా ఇంజిన్‌కి కావలసింది తొంభై చిల్లర. ఆ వేడి అందకపోతే కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ వదులుతుంది. మైలేజీ పడిపోతుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాక మడ్డి కడుతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగి పీ0128 అని కోడ్ వస్తుంది, ఇంజిన్ వేడి చాలడం లేదని దాని అర్థం. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్‌కి వెనక రెండో పళ్లెం ఉంటుంది, వేడెక్కాక బైపాస్ దారిని మూసేది అదే. దాన్ని పీకేస్తే కూలెంట్ రేడియేటర్‌కి పోకుండా దగ్గరి దారిన తిరిగొచ్చేస్తుంది, బండి ఇంకా ఎక్కువ కాగుతుంది! అసలు మోసం మరొకటి. పీకాక ఊళ్లో తిరిగినంతకాలం ముల్లు కిందే ఉంటుంది, మీరు సంబరపడతారు. పూడుకుపోయిన రేడియేటర్ మాత్రం అలాగే ఉంటుంది. ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కిన రోజున అది బయటపడుతుంది. పీకేసి ఉంటే ఇవాళే కొత్తది తెచ్చి పెట్టండి, గ్యాస్కెట్‌తో సహా. చిన్న పిన్ను వేలాడే రంధ్రం ఉంటే ఆ రంధ్రం పై వైపుకి రావాలి, గాలి పోయే దారి అదే.

పాతది బాగుందో లేదో తేల్చడం తేలిక. పాత డబ్బాలో నీళ్లు పోసి, దారం కట్టి అడుగు తగలకుండా వేలాడదీసి కాచండి. వంటగిన్నె వద్దు, థర్మోస్టాట్‌కి అంటుకున్న కూలెంట్ విషం. థర్మామీటరు పక్కనే పెట్టండి. 82 అని ముద్ర ఉంటే ఆ చుట్టుపక్కల తెరుచుకోవడం మొదలవ్వాలి, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి. సగంలో ఆగితే పారెయ్యండి.

సెన్సర్‌కి మల్టీమీటరు చాలు. వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గాలి. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర కిలో ఓమ్‌లు, 80 దగ్గర మూడు వందల ఓమ్‌ల ప్రాంతం. మీ బండి అంకెలు మాన్యువల్లో ఉంటాయి. కాచేటప్పుడు అంకె మెల్లగా దిగకుండా మధ్యలో గెంతితే సెన్సర్ పోయినట్టే.

అభ్యాసం: రాత్రంతా ఆపి ఉంచిన బండిని ఆరుబయట, ఏసీ లేకుండా స్టార్ట్ చేసి, ఫ్యాన్ రెండోసారి ఆగేదాకా నిమిషానికొకసారి డిగ్రీలు రాయండి. గ్రాఫ్ కాగితం మీద గీత గియ్యండి. థర్మోస్టాట్ తెరుచుకున్న చోట గీతలో ఒక మెలిక కనిపించాలి. ఇదే పని మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో, ఏసీ వేసుకుని మళ్లీ చెయ్యండి. అంకెలు రాయడానికి పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకోండి. రెండు కాగితాలూ దాచండి, వచ్చే పాఠంలో రేడియేటర్ కడిగాక మూడో గీత వాటి మీదే గియ్యాలి.