సైన్సు వ్యాసంలో పురాణం చరిత్రగా కనిపిస్తే ఎలా పరిశీలించాలి?

వరంగల్ చుట్టుపక్కల కథలకూ శాసనాలకూ కొదవ లేదు. రెండూ మనవే. అయితే పిల్లల కోసం రాసే కొన్ని సైన్సు వ్యాసాలు ఈ రెంటినీ ఒకే గొంతుతో చెప్పేస్తున్నాయి. అలాంటి వ్యాసం చేతికి వస్తే పెన్సిలు పట్టుకుని చదవండి.

మొదట వాక్యాల చివరి మాటల కింద గీతలు గీయండి. మొదటి పేరాలో ‘అని చెబుతారు’ అన్నది మూడో పేరాకు వచ్చేసరికి ‘ఆనాడే ఉండేది’ అయిందా? మధ్యలో కొత్త ఆధారం ఏమైనా చూపించారా?

తర్వాత ప్రతి విషయం పక్కన ఆధారం ఏ రకమో రాయండి. పాలంపేట రామప్ప గుడినే తీసుకోండి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు దాన్ని కట్టించాడనడానికి 1213 నాటి శాసనం ఉంది. శిల్పి రామప్ప వల్లే ఆ పేరు వచ్చిందన్నది జనశ్రుతి. మేడారం సమ్మక్క, సారలమ్మలు కాకతీయ సైన్యంతో పోరాడిన గాథను కోయలు తరతరాలుగా నోటి మాటగా కాపాడుకున్నారు. దాన్ని మౌఖిక సంప్రదాయమని రాస్తే గౌరవం ఏమీ తగ్గదు.

కాలం గురించిన అంకె కనిపిస్తే మరింత నిదానించాలి. రామసేతు వయసు 17.5 లక్షల ఏళ్లని నాసా తేల్చిందంటూ 2002లో ప్రచారం సాగింది. ఉపగ్రహ చిత్రాన్ని బట్టి వయసు గానీ, అది మనుషులు కట్టిందా అన్నది గానీ తెలియదని నాసాయే చెప్పింది. కార్బన్ పరీక్షతో వయసు తేల్చారన్నా అంతే. అది ఒకప్పుడు ప్రాణమున్న కట్టె, ఎముక వంటి వాటికే పనికొస్తుంది. సుమారు 50,000 ఏళ్లు దాటితే చేతులెత్తేస్తుంది. పైగా మన మానవజాతివిగా గుర్తించిన అతి పాత ఎముకల వయసే దాదాపు 3 లక్షల ఏళ్లు.

ప్రాచీన విమానాల సంగతి వస్తే గ్రంథం ఎప్పటిదో చూడండి. ‘వైమానిక శాస్త్రం’ 1904కు ముందుది కాదని, అందులోని యంత్రాలు ఎగరలేవని 1974లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు తేల్చారు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ‘సైన్సుకు అందని రహస్యం’ అన్న మాట. రామప్ప గుడి విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి, వాడిన ఇటుకలు నీళ్లపై తేలతాయి. లోపలంతా సన్నని రంధ్రాలు ఉండటంతో వాటి సాంద్రత నీటికంటే తక్కువ. పైభాగం బరువు తగ్గించడానికి వాటిని వాడారు. అది మట్టినీ మంటనీ ఎరిగిన పనివాళ్ల నేర్పు. మహిమగా మార్చేస్తే వాళ్ల పేరే పోతుంది. ఈ మాట ఎదురైన చోట ‘ఎలా చేశారు?’ అని అంచులో రాసి, వ్యాసంలో జవాబు వెతకండి.

జవాబు లేకపోతే పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాయండి. రచయితను నిందించకుండా, ఆ ఒక్క వాక్యాన్ని ఎత్తి రాసి, దానికి ఆధారం ఏ శాసనమో, ఏ తవ్వకమో, ఏ పరీక్షో తెలపమని అడగండి.