తిరిగొచ్చిన ఛాంపియన్ వెనకబడుతుంటే: అభిమాని ఏం చూడాలి, ఎలా లెక్కగట్టాలి

2021 టూర్ డి ఫ్రాన్స్ ముగిసేసరికి క్రిస్ ఫ్రూమ్ 133వ స్థానంలో ఉన్నాడు. అదే సైకిల్ పందాన్ని 2013, 2015, 2016, 2017లలో గెలిచి, పెద్ద దెబ్బ తగిలి తిరిగొచ్చిన మనిషి. ఇలాంటప్పుడు అభిమానులు రెండు జట్లవుతారు. "అయిపోయింది, మర్యాదగా తప్పుకుంటే బాగుండు" అని ఒక జట్టు. "ఆరు నెలలు ఆగండి, చూపిస్తాడు" అని ఇంకో జట్టు. తమాషా ఏమిటంటే, ఇద్దరి చేతిలోనూ ఆయుధం ఆ 133 అంకె ఒక్కటే. మూడు వారాల సైకిల్ పందెంలో ఒక రైడర్ సత్తా గురించి ఫైనల్ స్థానం చెప్పేది చాలా తక్కువ. క్రికెట్‌లో స్కోరుకార్డు చూసి ఫామ్ పట్టేసినట్టు ఇక్కడ కుదరదు. కుదిరే పద్ధతి ఇదీ.

ముందు ఒక నోటు పుస్తకం

ఫోన్‌లో అయినా సరే, ఆరు గడులు గీసుకోండి: తేదీ, స్టేజ్ (అంటే ఆ ఒక్క రోజు పందెం) రకం (చదునా, గుట్టలా, పెద్ద కొండలా, లేక ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయలా), ఆ రోజు జట్టు ఆయనకు ఇచ్చిన పని, గుంపు నుంచి జారిపోయిన (వేగం అందుకోలేక వెనకబడిన) చోటు, జారాక ఎంతమందితో కలిసి వచ్చాడు, విజేతకు ఎంత సమయం వెనక. స్థానం కోసం గడి పెట్టకండి. పెడితే కన్ను దాని మీదకే పోతుంది.

పుస్తకం మొదటి పేజీలో దెబ్బ వివరాలు రాయండి. ఏ ఎముక, ఏ తేదీ, మళ్లీ పందెంలో దిగింది ఎప్పుడు. ఫ్రూమ్ విషయంలో: 2019 జూన్ 12, ఫ్రాన్స్‌లోని రోఆన్ దగ్గర టైమ్ ట్రయల్ దారి చూసుకుంటూ పడిపోయాడు. తొడ ఎముక, మోచెయ్యి, పక్కటెముకలు విరిగాయి. 2020 ఫిబ్రవరిలో యూఏఈ టూర్‌లో తిరిగొచ్చాడు. ఈ పేజీ ఎందుకంటే, దెబ్బ ఎక్కడ తగిలిందన్న దాన్ని బట్టే తర్వాత దేని కోసం చూడాలో తేలుతుంది. కాలర్‌బోన్ విరిగిన రైడర్ కొన్ని వారాల్లోనే పందెంలోకి రావడం ఈ ఆటలో మామూలే, ఎందుకంటే పెడల్ తొక్కేది భుజం కాదు. తొడ ఎముక అలా కాదు. నెలల తరబడి వాడని కాలు కండ కోల్పోతుంది, రెండు కాళ్ల బలంలో తేడా వస్తుంది, ఆ తేడాను సర్దుకోబోయి నడుము, తుంటి అలిసిపోతాయి. గంటసేపు బాగానే ఉండి నాలుగో గంటలో కూలిపోయే రైడర్‌లో దీని పాలు ఎంతో ఉండొచ్చు.

జారిన చోటు పట్టుకోవడం

అన్నిటికన్నా విలువైన గడి ఇదే, అన్నిటికన్నా కష్టమైనది కూడా. టీవీ కెమెరా ముందు గుంపు వెంటే పరిగెడుతుంది. ఒకప్పటి విజేత జారితే పది సెకన్లు చూపించి వదిలేస్తుంది. ఆ పది సెకన్లలో మూడు చూడండి. తెర మీద ఇంకా ఎన్ని కిలోమీటర్లు మిగిలాయని ఉంది? ముందు గుంపులో సుమారు ఎంతమంది ఉన్నారు? ముందు నడిపిస్తున్నది నాయకులా (పందెం గెలవాలని చూసేవాళ్లా), వాళ్ల కోసం తొక్కే జట్టు సహాయకులా?

చివరి ప్రశ్నే అసలైంది. ఆఖరి కొండ మీద పదిమంది మిగిలాక నాయకుల దాడికి జారడం వేరు. మధ్యాహ్నం రెండో కొండ మీద అరవై మంది ఉన్న గుంపును ఒక సహాయకుడు మామూలు వేగంతో లాగుతుంటే జారడం వేరు. మొదటిది ఆ రోజు ఓటమి. రెండోది మూడు స్టేజ్‌ల్లో వరుసగా కనబడితే క్షీణత అని రాసుకోవచ్చు.

మన దగ్గర స్టేజ్ ముగింపు సాధారణంగా రాత్రి తొమ్మిది అటూ ఇటూ పడుతుంది (ఫ్రాన్స్ వేసవి సమయం కన్నా మనం మూడున్నర గంటలు ముందు). ఆఖరి గంట మాత్రమే చూసేవాళ్లకు ఆ రెండో కొండ కనిపించదు. జారినవాడు అప్పటికే జారి ఉంటాడు. పెద్ద కొండల రోజుల్లో సాయంత్రం ఆరున్నరకే మొదలెట్టండి.

సమయం తేడాను చదివే తీరు

ఫలితాల పట్టికలో ఆయన పేరు కింద, పైన ఉన్నవాళ్ల సమయాలు చూడండి. యాభై మందికి ఒకటే సమయం ఉంటే అది గ్రూపెట్టో, అంటే కొండల రోజు గెలుపు ఆశ లేనివాళ్లంతా కలిసి, గడువులోపు చేరితే చాలనుకుంటూ మెల్లగా వచ్చే గుంపు. విజేత 5 గంటల్లో వచ్చి, ఆ రోజు గడువు విజేత సమయం మీద 14 శాతం అయితే, 42 నిమిషాల వెనక వచ్చినా పందెంలో ఉన్నట్టే. గ్రూపెట్టోలో 35 నిమిషాలు పోగొట్టుకున్న రైడర్ గురించి ఆ 35 ఏమీ చెప్పదు. కావాలనే కాళ్లు దాచుకుని ఉండొచ్చు. నాలుగు నిమిషాలు వెనక ఒంటరిగా, లేదా ఇద్దరితో వచ్చాడంటే మాత్రం చివరిదాకా ఒళ్లంతా పెట్టి తొక్కాడని అర్థం. రాసుకోవలసింది ఆ నాలుగు.

2010 టూర్ డి ఫ్రాన్స్‌లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ దీనికి మంచి ఉదాహరణ. జూలై 11న మోర్జీన్-అవోరియాజ్ స్టేజ్‌లో కింద పడి, 11 నిమిషాల 45 సెకన్లు పోగొట్టుకున్నాడు. చివరికి 23వ స్థానం, 39 నిమిషాల 20 సెకన్లు వెనక. ఆ 39 నిమిషాలను క్షీణతకు కొలతగా చెప్పేవాళ్లున్నారు. ఎనిమిదో స్టేజ్‌లోనే మొత్తం పందెం మీద ఆశ పోయినవాడు తర్వాతి కొండల మీద ప్రతి సెకను కోసం పోరాడడు. అలా వదిలేసిన సమయమంతా అందులో కలిసింది.

పైగా ఆయన విషయంలో ఇంకో చిక్కు. 1998 ఆగస్టు నుంచి ఆయన ఫలితాలన్నీ డోపింగ్ కారణంగా 2012లో రద్దయ్యాయి. 2009లో తిరిగొచ్చి తెచ్చుకున్న మూడో స్థానం కూడా పోయింది. పాత సత్తా ఎంతన్నదే నమ్మకంగా తెలియనప్పుడు, దానికన్నా ఎంత తగ్గాడని కొలవడం ఇసుకలో గోడ కట్టడమే.

కొండ లెక్క

కాగితం, పెన్ను చాలు. గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాడో కట్టాలి. దీన్ని వామ్ అంటారు. ఈ కొలతను పైకి తెచ్చింది డోపింగ్ కేసులో జీవితకాల నిషేధం పడిన ఒక డాక్టరు. మనిషి ఎలాంటివాడైనా లెక్క పనిచేస్తుంది.

ఆల్ప్ డ్యూయెజ్ కొండ పొడవు 13.8 కిలోమీటర్లు, సగటు వాలు 8.1 శాతం, అంటే దాదాపు 1,118 మీటర్ల ఎత్తు. ఒక రైడర్ 40 నిమిషాల్లో ఎక్కితే 1,118ని 40తో భాగించి 60తో గుణించండి: గంటకు 1,677 మీటర్లు. ఇప్పుడు వాలును పదితో గుణించి 200 కలపండి: 281. మొదటి అంకెను దీనితో భాగిస్తే రైడర్ ఒంటి బరువులో కిలోకి ఎన్ని వాట్ల శక్తి పెట్టాడో వస్తుంది, సుమారు 5.97. అదే కొండకు 44 నిమిషాలు పడితే 5.43. నాలుగు నిమిషాల తేడా అంటే 68 కిలోల రైడర్‌కు దాదాపు 37 వాట్లు.

లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా తెలిసుండాలి. ఎదురుగాలి ఉంటే అంకె తగ్గుతుంది, వెనకగాలికి పెరుగుతుంది. ఆరు శాతం కన్నా తక్కువ వాలు ఉన్న కొండ మీద ఇతరుల వెనక దాక్కోవడం వల్ల వచ్చే లాభం ఎక్కువ, కాబట్టి అక్కడ ఈ లెక్క వేయకండి. పావుగంట లోపు ముగిసే కొండలకూ వద్దు. స్టేజ్‌లో మొదటి కొండా, ఐదో కొండా అన్నది కూడా పక్కన రాయండి. ఐదో కొండ మీద 5.5 చాలా బలమైన అంకె కావచ్చు. ఒక్క అంకెతో తీర్పు ఇవ్వకుండా, అదే కొండను అదే రోజు ఎక్కిన ఇద్దరు ముగ్గురు స్థిరమైన రైడర్లతో పోల్చండి. గాలీ ఎండా అందరికీ ఒకటే కదా.

ఈ పోలికలో ఒక చేదు నిజం బయటపడుతుంది. కొన్నిసార్లు మన ఛాంపియన్ అంకెలు పెద్దగా తగ్గవు. చుట్టూ ఉన్నవాళ్లవి పెరుగుతాయి. ఫ్రూమ్ కోలుకుంటున్న 2020లోనే తాడేజ్ పొగచర్ 21 ఏళ్ల వయసులో టూర్ గెలిచాడు. ఆ తర్వాతి ఏళ్లలో పెద్ద కొండల మీద ముందు గుంపు వేగం 2010ల నాటి కన్నా పెరిగింది. పాత సత్తా పూర్తిగా తిరిగొచ్చినా, పాత స్థానం రాకపోవచ్చు. నోటులో ఈ రెంటినీ వేరువేరుగా రాయండి: "తను తగ్గాడు", "గుంపు పెరిగింది".

తొందరపాటు ఆశ, తొందరపాటు నిరాశ

2022 జూలై 14, ఆల్ప్ డ్యూయెజ్ మీద ఫ్రూమ్ మూడోవాడిగా వచ్చాడు. విజేత టామ్ పిడ్‌కాక్‌కు 2 నిమిషాల 6 సెకన్లు వెనక. పసుపు జెర్సీ (మొత్తం పందెంలో ముందున్నవాడికి ఇచ్చేది) వేసుకున్న వింగెగార్డ్, పొగచర్ ఉన్న గుంపు 3 నిమిషాల 23 సెకన్లకు వచ్చింది. అంటే ఫ్రూమ్ వాళ్లకన్నా ముందే. అభిమానులకు పండగే. కానీ అది బ్రేక్‌అవే రోజు, అంటే కొందరు గుంపును వదిలి ముందుకు పోయిన రోజు. పొద్దుటే ముందుకు వెళ్లినవాళ్లకు గుంపు నిమిషాలు వదిలేసింది. ఇలాంటి రోజు చూడాల్సింది ఒక్కటే: కొండ మొదట్లో నాయకుల గుంపుకు, ఆయనకు మధ్య ఎంత తేడా, పైన ఎంత తేడా. తేడా కరిగిపోతూ వస్తే ఆయన ఎక్కుతున్న వేగం వాళ్లకన్నా తక్కువే. అయినంత మాత్రాన ఆ మూడో స్థానం విలువ తగ్గదు. బ్రేక్‌అవేలో నిలబడి, చివరి కొండ మీద ఇద్దరికే ఓడడం మాటలు కాదు. అది స్టేజ్ రైడర్‌గా సత్తా, టూర్ గెలిచే సత్తా కాదు. ఆ టూర్‌లోనే కోవిడ్ వచ్చి 18వ స్టేజ్‌కు ముందు తప్పుకున్నాడు, 2023 టూర్‌కు జట్టు ఎంపికే చేయలేదు.

నిరాశ వైపు కూడా ఇదే జాగ్రత్త. 2024 టూర్ మొదటి రోజు ఫ్లోరెన్స్ నుంచి రిమిని దారిలో మార్క్ కావెండిష్ ఎండకు వాంతులు చేసుకుంటూ, సహచరుల సాయంతో గడువులోపు బయటపడ్డాడు. 39 ఏళ్లు. ఆ సాయంత్రమే ఆయన కథ ముగిసిందని అన్నవాళ్లు ఎందరో. జూలై 3న సెయింట్ వుల్బాస్‌లో ఐదో స్టేజ్ గెలిచి, టూర్‌లో 35 స్టేజ్ విజయాలతో ఎడ్డీ మెర్క్స్ రికార్డు దాటాడు. స్ప్రింటర్‌ను, అంటే ఆఖరి మీటర్ల వేగంతో గెలిచేవాణ్ని, కొండ మీద కొలిచిన తప్పు అది. ఆయన్ను చూడాల్సింది ఆఖరి 300 మీటర్లలో, అదీ అక్కడిదాకా జట్టు సరిగ్గా చేర్చిన రోజున.

అన్నిటికన్నా నాకు నచ్చే ఉదాహరణ గ్రెగ్ లెమాండ్. 1987 ఏప్రిల్‌లో వేటకు వెళ్లినప్పుడు తుపాకీ గుళ్లు దిగి చావు తప్పించుకున్నాడు. 1989లో ఇటలీ మూడు వారాల పందెం జిరో డి ఇటాలియాలో 39వ స్థానం. పట్టిక చూసినవాడు పుస్తకం మూసేస్తాడు. ఆఖరి రోజు టైమ్ ట్రయల్ చూసినవాడు ఆగుతాడు: అందులో రెండోవాడు. కొన్ని వారాలకే టూర్ డి ఫ్రాన్స్‌ను 8 సెకన్ల తేడాతో గెలిచాడు, 1990లో మళ్లీ. ఆ తర్వాత 1991లో ఏడో స్థానం, 1992లో మధ్యలోనే వదిలేయడం. అసలు క్షీణత అప్పుడు, ఎవరూ ఊహించని వైపు నుంచి వచ్చింది.

మూడు వారాల పందెంలో టైమ్ ట్రయల్ అందుకే బంగారం. ఎవరి వెనకా దాక్కోలేడు, ఎవరి కోసమూ ఆగడు. మూడో వారంలో టైమ్ ట్రయల్ ఉంటే దానికి రెండు గీతలు గీయండి. వయసు ముందుగా తినేసేది ఒక్క రోజు బలాన్ని కాదు, మర్నాటికి కోలుకునే గుణాన్ని. స్పెయిన్ రైడర్ అలెహాంద్రో వాల్వెర్డే 38 ఏళ్లకు 2018లో ఇన్స్‌బ్రుక్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడంటే, అది ఒక్క రోజు పందెం అన్నది మరిచిపోకూడదు.

ఎంతకాలం ఆగాలి

నా కొలత: తిరిగొచ్చాక రెండు గ్రాండ్ టూర్లు (మూడు వారాల పెద్ద పందాలు), లేదా దాదాపు 50 పందెం రోజులు. మొదటి గ్రాండ్ టూర్‌ను లెక్కలోంచి తీసేయండి, అది శరీరానికి పని నేర్పడానికే. ఫ్రూమ్ 2020లో స్పెయిన్ గ్రాండ్ టూర్ వుయెల్టాలో 98వ స్థానం అందుకే నాకు ఏమీ చెప్పలేదు. రెండో దాంట్లో కూడా పెద్ద కొండల రోజుల్లో సహాయకుల వేగానికే జారిపోతుంటే, "టూర్ గెలుస్తాడా" అన్న ప్రశ్నను మార్చి "స్టేజ్ గెలవగలడా", "యువ రైడర్‌కు ఉపయోగపడతాడా" అని అడగడం మొదలెట్టండి. 1984లో ఫ్రెంచ్ ఛాంపియన్ బెర్నార్ ఇనో మోకాలి ఆపరేషన్ తర్వాత టూర్‌లో ఫిన్యోన్‌కు 10 నిమిషాల 32 సెకన్లు వెనక రెండోవాడయ్యాడు, మరుసటి ఏడు గెలిచాడు. కానీ 1984లో ఇనోకు 29 ఏళ్లే. ముప్పై ఆరేళ్లవాడికి ఆ ఉదాహరణ చూపించి వాదించకండి.

మాట్లాడేటప్పుడు

జట్టు జీతం గురించి, "పరువు" గురించి రాసేముందు ఆ రోజు నోటు పేజీ చూడండి. జారిన చోటు, సమయం, పని ఈ మూడూ లేకుండా "అయిపోయాడు" అని రాయకండి. "వచ్చే నెల చూడండి" అనేవాళ్లు ఏ పందెంలో, ఏ కొండ మీద, ఏ అంకె వస్తే ఒప్పుకుంటారో ముందే చెప్పాలి. పందెం అయ్యాక గీత జరపడం కుదరదు.

దారి పక్కన నిలబడే అవకాశం వస్తే, గ్రూపెట్టో వచ్చేదాకా ఉండండి. ముందు గుంపు పోగానే కుర్చీలు మడిచేస్తారు చాలామంది. వెనక వచ్చేవాణ్ని తోయకండి, జూరీ జరిమానా ఆయన మీద పడొచ్చు. నీళ్లసీసా కూడా జట్టు మనుషులకే వదిలేయండి. వెనక పరిగెత్తకండి. 2018లో ఇదే ఆల్ప్ డ్యూయెజ్ మీద ఫ్రూమ్‌ను చేత్తో కొట్టబోయినవాళ్లున్నారు, ఈల వేసి గేలి చేసినవాళ్లున్నారు. నాలుగేళ్ల తర్వాత అదే మలుపుల్లో చప్పట్లు. పేరు పెట్టి పిలవండి, రెండు చేతులూ మీ దగ్గరే ఉంచుకోండి.