స్థావరం ఛార్జి తీసుకునే ముందు జాగ్రత్తలు

హన్మకొండలో ఏ ఆఫీసు ఛార్జి మారినా రిజిస్టరు, తాళాలు, సంతకం. విదేశీ సైన్యం ఖాళీ చేసే స్థావరానికి అవి చాలవు.

• తేదీతో పాటు గంట కూడా కాగితం మీద పెట్టించాలి. 2021 జూలైలో అమెరికా సైన్యం అఫ్ఘానిస్తాన్‌లోని బగ్రామ్ వైమానిక స్థావరంలో కరెంటు ఆపేసి రాత్రికి రాత్రి వెళ్లిపోయిందని అఫ్ఘాన్ అధికారులు చెప్పారు. కొత్త కమాండర్‌కు తెలిసేసరికి రెండు గంటలు దాటింది. అప్పటికే దొంగలు లోపల పడ్డారు.

• వస్తువుల జాబితా చూసి మురిసిపోవద్దు. బగ్రామ్‌లో వదిలిన లక్షల వస్తువుల్లో నీళ్ల సీసాలూ లెక్కే. వేల వాహనాలు మిగిలాయి, చాలావాటికి తాళంచెవులే లేవు. ఒక్కో బండీ స్టార్ట్ చేయించి చూశాకే సంతకం.

• నేల, బోరునీళ్లు ముందే పరీక్ష చేయించాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఫిలిప్పీన్స్‌కు అక్కడి అమెరికా స్థావరాలు 1991లో క్లార్క్, 1992లో సూబిక్ చేతికొచ్చాయి. శుభ్రం చేసే బాధ్యత ఒప్పందంలో లేదు. పినటూబో అగ్నిపర్వతంతో ఇళ్లు పోయినవాళ్లను క్లార్క్‌లో ఉంచితే, వాళ్లు తాగిన బావినీళ్లలో కాలుష్యం బయటపడింది.

• ఫైరింగ్ రేంజిలోకి పశువులను కూడా వదలొద్దు. 1999 చివర్లో అమెరికా పనామాకు అప్పగించిన భూముల్లో పేలని గుండ్లు మిగిలాయి.

• హద్దురాళ్లు పాతించాలి, పహాణీ సరిచూడాలి. మామునూరు సైనిక స్థావరమేమీ కాదు, నిజాం నాటి విమానాశ్రయం. అయినా దశాబ్దాలు ఖాళీగా ఉన్న భూమికి సర్వే ఎంత అవసరమో వరంగల్ వాళ్లకు చెప్పనక్కర్లేదు.

• కాపలా ముందురోజే దిగాలి.