పెరట్లో అరుదైన పండ్లు, మందు మొక్కలు – 4వ పాఠం: ఎండితే చచ్చిపోయే గింజలు

కిందటి పాఠంలో మట్టి కలుపుకున్నాం, కుండీలకు బొక్కలు సరిగా ఉన్నాయో లేదో నీళ్లు పోసి చూసుకున్నాం. ఆ కుండీలు ఇంకా ఖాళీగా ఉంటే ఈ వారం వాటిలో గింజ పడుతుంది.

ముందు నాకు జరిగిన నష్టం చెబుతాను. మొదటిసారి మాంగోస్టీన్ (ఊదా రంగు మందపాటి తొక్కలో తెల్లటి తొనలుండే పండు) పెంచాలనుకున్నప్పుడు ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర పది గింజలు కొన్నాను. కాగితం పొట్లంలో, చక్కగా ఎండబెట్టి పంపారు. రాత్రంతా నానబెట్టి నాటాను. రెండు నెలలు నీళ్లు పోశాను. ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే లోపలంతా గోధుమ రంగు పొడి. నా చెయ్యి మంచిది కాదేమో అనుకున్నాను. మరుసటి ఏడాది బంధువులు త్రిస్సూరు నుంచి వస్తూ నాలుగు పండ్లు తెచ్చారు. తిన్న పూటే గింజలు కడిగి అదే మట్టిలో పెట్టాను. అయిదు గింజల్లో నాలుగు మొలిచాయి. మొదటిసారి వచ్చిన గింజలు నా చేతికి అందేసరికే చచ్చిపోయి ఉన్నాయని అప్పుడు అర్థమైంది.

విత్తనాలు ప్రధానంగా రెండు రకాలు. టమాటా, వంగ, తులసి, అశ్వగంధ గింజల్ని ఎండబెట్టి డబ్బాలో పెట్టుకుంటే వచ్చే ఏడాదికీ పనికొస్తాయి. వాటికి ఎండటం అంటే నిద్రపోవడం. రెండో రకం గింజలకు ఆ నిద్ర రాదు. పండులో ఉన్నప్పుడే అవి మొలకకు సిద్ధంగా ఉంటాయి, ఒంట్లో తేమ కొంత మేర తగ్గగానే చచ్చిపోతాయి. ఈ రెండు రకాలకు శాస్త్రీయంగా వేర్వేరు పేర్లు పెట్టింది ఇ.హెచ్. రాబర్ట్స్ అనే విత్తన శాస్త్రవేత్త, 1973లో. మనం రెండో రకాన్ని పచ్చి గింజలు అని పిలుచుకుందాం. మాంగోస్టీన్, రంబుటాన్, డ్యూరియన్, మిరకిల్ ఫ్రూట్, జబోటికాబా ఈ కోవలోవే. మన మామిడి, పనస, నేరేడు కూడా అంతే. ఊళ్లో పనస పిక్కల్ని మట్టిలోనో ఇసుకలోనో కప్పి ఉంచే అలవాటు చూసే ఉంటారు. అలా ఉంచితే తేమ పోదు.

ఫ్రిజ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తాజాగా ఉంచుదామని చాలామంది గింజల్ని ఫ్రిజ్‌లో పెడతారు. వేడి దేశపు పచ్చి గింజలు చలికి ఓర్చుకోలేవు. ఫ్రిజ్‌లో ఉండే నాలుగైదు డిగ్రీల చలికి లోపలి కణాలు దెబ్బతింటాయి. హైదరాబాద్ పండ్ల దుకాణాల్లో దొరికే థాయ్‌లాండ్ మాంగోస్టీన్ చాలా వరకు కోల్డ్ స్టోరేజీ దాటి వచ్చినదే. ఆ గింజలు నాటితే నాటండి గానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు పని. పండు తిన్న రోజే గింజకు అంటిన గుజ్జు పూర్తిగా తీసెయ్యాలి. గుజ్జు మిగిలితే బూజు పడుతుంది, చీమలు చేరతాయి. రంబుటాన్ గుజ్జు గింజను గట్టిగా పట్టుకుని ఉంటుంది, గరుకు గుడ్డతో రుద్ది కడగండి. నీళ్లతో తడిపిన, కొబ్బరి పొట్టుతో చేసే కోకోపీట్‌ను పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి. ధారగా కారితే నీళ్లు ఎక్కువైనట్టు, ఆ తడిలో గింజ కుళ్లిపోతుంది. గింజను పడుకోబెట్టి, దాని మందమెంతో అంత లోతులో కప్పండి. నీడలో, వెచ్చగా ఉంచండి. రంబుటాన్ రెండు మూడు వారాల్లో తల పైకెత్తుతుంది. మాంగోస్టీన్‌కు మూడు వారాల నుంచి దాదాపు రెండు నెలలు పడుతుంది. మధ్యలో తవ్వి చూడకండి. పైకి మొలక రాకముందే కింద వేరు దిగుతుంది, మీ వేలు తగిలితే అది విరిగిపోతుంది.

మాంగోస్టీన్ గురించి ఇంకో మాట, ఎందుకంటే నాకు ఆ చెట్టంటే చాలా ఇష్టం. పండు అడుగున చిన్న పువ్వులాంటి గుర్తు ఉంటుంది. దాని రేకులు ఎన్నో లోపల తొనలు అన్ని. పిల్లలకు చూపించండి, వాళ్లు మర్చిపోరు. గింజలు మాత్రం అన్ని తొనల్లో ఉండవు, పెద్ద తొనల్లో ఒకటో రెండో దొరుకుతాయి. బాగా లావుగా ఉన్నదే నాటడానికి తీసుకోండి. అసలు వింత ఏమిటంటే, ఆ గింజ పరాగ సంపర్కం లేకుండానే తయారవుతుంది. కాబట్టి మొక్క తల్లి చెట్టుకు అచ్చు పోలికే. అంటు కట్టకపోయినా గుణం మారదు. కానీ కాపుకు ఏడు నుంచి పదేళ్లు ఓపిక పట్టాలి, మొదటి రెండు మూడేళ్లు నీడ తప్పనిసరి. పక్క వేర్లు తక్కువ, తల్లివేరు పొడవు, అందుకే అడుగు లోతుకు తక్కువ కాని కుండీ కావాలి. నా అభిప్రాయం దాచకుండా చెబుతున్నాను: తెలంగాణలో మిద్దె మీద, ఏప్రిల్, మే వడగాలిలో ఈ చెట్టును నిలబెట్టడం చాలా కష్టం. కోనసీమలో కొబ్బరి నీడ ఉన్నవాళ్లు తప్పకుండా ప్రయత్నించండి.

మిద్దె మీదకైతే మిరకిల్ ఫ్రూట్ మేలు. పశ్చిమ ఆఫ్రికా పొద, కుండీలోనే మూడు నాలుగేళ్లకు కాస్తుంది. ఆ ఎర్రటి చిన్న పండు నమిలాక నిమ్మకాయ నాకినా తియ్యగా ఉంటుంది. అందులోని మిరాక్యులిన్ అనే ప్రొటీన్ నాలుక మీద తీపిని గుర్తించే చోట అతుక్కుని, పులుపు తగలగానే పని మొదలుపెడుతుంది. దీనికి పుల్లటి నేల కావాలి. మన బోరు నీళ్లు ఎక్కువగా సున్నపు నీళ్లు, అవే పోస్తే ఆకుల కొసలు మాడతాయి. వాన నీళ్లు పట్టి ఉంచుకోండి.

ఇక ఇచ్చిపుచ్చుకోవడం. అరుదైన మొక్కలు పెంచేవాళ్లకు సగం సంపద తోటివాళ్ల దగ్గరే ఉంటుంది. పచ్చి గింజల్ని పోస్టులో పంపాలంటే తడి కోకోపీట్‌లో కలిపి జిప్ కవర్లో పెట్టండి. ఆ కవర్‌ను గట్టి అట్టపెట్టెలో పెట్టండి. ఉత్త కవర్లో పంపితే దారిలో నలిగిపోతాయి. సోమవారం పోస్టు చేయండి, ఆదివారం ఎక్కడో సంచిలో ఎండ పాలు కాకుండా ఉంటాయి. దారిలో మొలక వచ్చినా నష్టం లేదు, అందుకున్నవాళ్లు ఆ రోజే నాటితే చాలు. మట్టి మాత్రం ఎప్పుడూ పంపకండి. వేర్లను తినే నులిపురుగులు మట్టితోనే ఊళ్లు దాటతాయి.

కవర్‌తో పాటు చీటీ పెట్టాలి. ఈ పాఠంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ చీటీ గురించే. మొక్క పేరు, గింజ పండులోంచి తీసిన తేదీ, తల్లి చెట్టు ఏ ఊళ్లో ఉంది, గింజ మొక్కా, అంటు మొక్కా, ఇవన్నీ ఉండాలి. రంబుటాన్‌నే చూడండి. గింజ మొక్కల్లో దాదాపు సగం మగ చెట్లు అవుతాయి, అవి కాయవు. అంటు మొక్క రెండు మూడేళ్లకే కాస్తుంది. గింజ మొక్కను అంటు అని చెప్పి ఇస్తే, తీసుకున్నవాళ్లు అయిదారేళ్లు నీళ్లు పోసి చివరికి మగ పూలు చూస్తారు. డబ్బయితే తిరిగి ఇచ్చేయొచ్చు గానీ ఆ అయిదేళ్లు ఎవరిస్తారు? కొనేటప్పుడు మీరూ కాండం కింది భాగం చూడండి. అంటు కట్టిన చోట చిన్న బుడిపె, బెరడు రంగులో తేడా కనిపించాలి. కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్తే ఒక పూట అదే పనిగా పెట్టుకోండి. రకరకాల అంటు మొక్కలు పక్కపక్కనే చూస్తే కళ్లకు అలవాటవుతుంది.

మందు మొక్కల చీటీకి ఇంకా జాగ్రత్త కావాలి. తిప్పతీగను తీసుకోండి. మార్పిడికి ఇంత సులువైన మొక్క లేదు. పెన్సిలంత మందం, జానెడు పొడవు ముక్క కోసి, కోసిన చోట ఒక రోజు ఆరనిచ్చి కాగితంలో చుట్టి పంపితే వారం రోజులు బతుకుతుంది. పై కొస ఏదో గుర్తు పెట్టండి, తలకిందులుగా నాటకుండా. అయితే దీనికి పోలికలున్న ఇంకో తీగ ఉంది, దాని కాండం నిండా పులిపిర్లలాంటి బుడిపెలు ఉంటాయి. దాన్ని తిప్పతీగ అనుకుని వాడితే కాలేయానికి హాని జరగొచ్చు. ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా ఈ రెండిటి మధ్య పొరపాటు గురించి హెచ్చరించింది. కాండం, ఆకు, కాయ మూడూ చూసి నిర్ధారించుకునే దాకా ఎవరికీ ఇవ్వకండి.

లక్ష్మణఫలం దగ్గర నాకు నిజంగా బాధగా ఉంటుంది. చక్కటి పండు, గింజలు ఎండినా కొన్ని నెలలు నిలుస్తాయి, కొత్తవాళ్లకు సరిపోయే చెట్టు. దాన్ని క్యాన్సర్ మందని చెప్పి అమ్ముతున్నారు. మనుషుల్లో అది క్యాన్సర్‌ను నయం చేస్తుందని రుజువు లేదు. పైగా కరేబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండును, ఆకుల కషాయాన్ని ఎక్కువగా తీసుకునేవాళ్లలో పార్కిన్సన్ లాంటి నరాల జబ్బు కనిపించిందని 1999లో ఒక అధ్యయనం వచ్చింది. ఎప్పుడో ఒక పండు తింటే టెన్షన్ పడాల్సిన పని లేదు. రోజూ ఆకుల కషాయం తాగమని మాత్రం ఎవరికీ చెప్పకండి. క్యాన్సర్, షుగర్ లాంటి జబ్బుల్ని నయం చేస్తుందని ప్రకటించి అమ్మడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అలాగే స్టార్ ఫ్రూట్ మొక్క ఇస్తే, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఆ పండు తినకూడదని చీటీలో రాయండి. అది వాళ్ల మెదడుకు ప్రమాదం తెస్తుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకూ ఒక మాట. అమెరికాలో కరివేపాకు మొక్కను పక్క రాష్ట్రంలో ఉన్న చెల్లెలికి పంపడం మనకు ప్రేమగానే అనిపిస్తుంది. కానీ నిమ్మ జాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో బయటపడింది, నారింజ తోటలు దారుణంగా దెబ్బతిన్నాయి. అందుకే ఆ మొక్కల్ని తరలించడం మీద అక్కడ ఆంక్షలు ఉన్నాయి, ముందు మీ రాష్ట్ర వ్యవసాయ శాఖ నిబంధనలు చూసుకోండి. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడూ సూట్‌కేసులో గింజలు దాచి తేకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం నాటే గింజలకు దిగుమతి అనుమతి, తెగుళ్లు లేవని చెప్పే మొక్కల ఆరోగ్య ధృవీకరణ పత్రం ఉండాలి.

ఈ వారం అభ్యాసం నేరేడుతో. ఇది నేరేడు పండ్ల కాలం, ఖర్చు తక్కువ, గుణం పచ్చి గింజదే. ఇరవై గింజలు కడగండి. పది ఆ రోజే నాటండి. అయిదు తడి కోకోపీట్‌లో పెట్టి వారం తర్వాత, అయిదు ఎండలో మూడు వారాలు ఎండబెట్టి నాటండి. ప్రతి కుండీ మీదా తేదీ రాయండి. ఒక్కో గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తే తీసెయ్యకండి, నేరేడుకు అది మామూలే. ఎన్ని మొలిచాయో నోటు పుస్తకంలో రాసుకోండి. అయిదో పాఠంలో గూటి అంటు (చెట్టు మీదున్న కొమ్మకే వేర్లు పుట్టించడం) కట్టేటప్పుడు ఆ పుస్తకం మళ్లీ కావాలి.