లెపర్డ్ గెకోకు కాల్షియం అందకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

ఇళ్లలో పెంచుకునే బల్లి జాతి అయిన లెపర్డ్ గెకోకు కాల్షియం పొడి ఇస్తూనే ఉన్నా ఎముకలు మెత్తబడుతున్నాయంటే, తప్పు పొడిదే అనుకొని మోతాదు పెంచేయడం సరికాదు. కాల్షియం ఎముకను చేరాలంటే అది ముందు పురుగుతోపాటు నోట్లోకి వెళ్లాలి, పేగు దాన్ని పీల్చుకోవడానికి డి3 విటమిన్ ఉండాలి, తిన్నది అరగడానికి గూటి నేల తగినంత వెచ్చగా ఉండాలి. వీటిలో ఏది కుంటుపడినా మిగిలినవి ఎంత బాగున్నా ప్రయోజనం ఉండదు కాబట్టి, లోపం ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే అసలు పని.

పొట్ట ఈడ్చుకుంటూ నడవడం, వణుకు, మెత్తని దవడ

ఆరోగ్యంగా ఉన్న గెకో పొట్టను నేలకు తగలనివ్వకుండా ఎత్తి నడుస్తుంది. పొట్ట ఈడ్చుకుంటున్నా, ముందుకాళ్లు మోచేతి దగ్గర విల్లులా వంగినా, కాలివేళ్లు ఉండి ఉండి వణుకుతున్నా ఎముకల జబ్బు మొదలైనట్టే అనుమానించాలి. పురుగును గురి చూసి పట్టి కూడా నమలలేక వదిలేస్తుంటే దవడను పక్క నుంచి గమనించండి. కింది దవడ పై దవడతో గట్టిగా మూసుకోకుండా వేలాడినట్టు కనిపిస్తే అది మెత్తబడిందని అర్థం. వేలితో నొక్కి చూడవద్దు, ఆ దశలో ఎముక సులువుగా విరుగుతుంది.

దీని మూలం పురుగుల్లోనే ఉంది. గెకో తిండిలో కాల్షియం భాస్వరానికి దాదాపు రెట్టింపు ఉండాలి, కాని కీచురాళ్లలోను, మేతగా అమ్మే పెంకుపురుగు లార్వాలైన మీల్‌వార్మ్‌లలోను భాస్వరమే కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రక్తంలో కాల్షియం తగ్గగానే పారాథైరాయిడ్ హార్మోను ఎముకల నుంచి దాన్ని లాగి రక్తానికి అందిస్తుంది కనుక, పైకి బాగానే తిరుగుతున్న గెకో లోపల మాత్రం నెలల తరబడి తన ఎముకలనే ఖర్చు చేసుకుంటూ ఉంటుంది. వణుకు కనిపించేసరికి ఆ నిల్వ కూడా చాలని స్థితి వచ్చిందన్నమాట. అందుకే ఈ లక్షణాలకు ఇంటి వైద్యం చాలదు, సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరకు వెంటనే తీసుకెళ్లాలి. ఈలోగా ఎక్కి పడిపోయే వీలున్న కొమ్మలను, రాళ్లను గూటిలోంచి తీసేయండి, అవసరమైతే తప్ప చేతిలోకి తీసుకోవద్దు. చికిత్సతో ఎముకలు మళ్లీ గట్టిపడతాయి కాని, ఒకసారి వంగిన కాలు తిన్నగా కావడం అరుదు.

పొడి చల్లుతున్నా మార్పు లేకపోవడం

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కీచురాయి తన ఒంటికి అంటిన పొడిని కాళ్లతో, నోటితో తుడుచుకుంటుంది. మీల్‌వార్మ్ నున్నని ఒంటి మీద పొడి అసలే సరిగా నిలవదు. సాయంత్రం పొడి చల్లి వదిలిన పురుగును గెకో అర్ధరాత్రి తింటే అందులో మిగిలేది చాలా తక్కువ. ఒక పూటకు సరిపడా పురుగులను చిన్న డబ్బాలో వేసి, చిటికెడు పొడి కలిపి, పలచని తెల్లని పూత పట్టేవరకు మెల్లగా తిప్పి, గెకో చురుగ్గా ఉండే సంధ్యవేళలో అప్పటికప్పుడే తినిపించండి. పూత మరీ మందమైతే కొన్ని గెకోలు పురుగును ముట్టవు.

పిల్లలకు ప్రతి మేతలోను, రెండు మూడు రోజులకోసారి తినే పెద్దవాటికి మేత విడిచి మేతలోను భాస్వరం కలవని కాల్షియం పొడి ఇవ్వడం మామూలు పద్ధతి. డి3 కలిసిన పొడి మాత్రం వేరు సంగతి. ఆ విటమిన్ కొవ్వులో కరిగి ఒంట్లోనే పేరుకుంటుంది, హద్దు మీరితే మెత్తని అవయవాల్లో కాల్షియం గట్టిపడుతుంది. కాబట్టి యూవీబీ దీపం (ఒంట్లో డి3 తయారవడానికి తోడ్పడే అతినీలలోహిత కిరణాల దీపం) లేని గూటిలో దాన్ని ప్యాకెట్ మీది మోతాదు ప్రకారం ఇవ్వాలి, దీపం ఉంటే ఇంకా తగ్గించాలి. గూటిలో చిన్న మూతలో పొడి ఉంచే అలవాటు మంచిదే కాని, అందులో డి3 లేని పొడే పోయాలి. కిటికీ అద్దం గుండా పడే ఎండ యూవీబీకి బదులు కాదు, మామూలు గాజు ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. దీపం వెలుగుతున్నంత మాత్రాన యూవీబీ ఇస్తున్నట్టు కాదు, తయారీదారు చెప్పిన గడువుకు మార్చాల్సిందే.

పురుగుల కడుపు ఖాళీగా ఉంటే పొడి ఒక్కటే లోటు తీర్చలేదు. తినిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి వాటికి క్యారెట్, ముదురు ఆకుకూరలు పెట్టండి. పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. సహజంగా కాల్షియం ఎక్కువున్న బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలను మధ్యమధ్య ఇవ్వడం నా దృష్టిలో తప్పనిసరి. కొవ్వు ఎక్కువున్న వాక్స్‌వార్మ్‌లు (ఒక రకం చిమ్మట లార్వాలు) ఎప్పుడో ఒకటి చాలు, రుచి మరిగితే గెకో వేరే పురుగులను చూడనైనా చూడదు.

తిండి మానేయడం

ముందుగా చూడవలసింది వేడి. వెచ్చని వైపు నేల మీద 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు సుమారు 25 డిగ్రీలు ఉండాలి. గోడకు అంటించిన థర్మామీటర్ గాలి వేడిని చెబుతుంది, గెకో పొట్ట ఆనించే నేల వేడిని కాదు. అందుకని థర్మామీటర్ ప్రోబును (తీగ చివర వేడిని గుర్తించే భాగాన్ని) నేల మీదే పెట్టి కొలవండి. నేల చల్లబడితే తిన్నది అరగదు, ఒక్కోసారి పురుగును అలాగే కక్కేస్తుంది.

వేడి సరిగానే ఉంటే ఒంటి రంగు చూడండి. పాలిపోయి ఉంటే కుబుసం విడవబోతోందని అర్థం, ఆ రెండు మూడు రోజులు తినకపోయినా ఫరవాలేదు. కొత్త గూటికి వచ్చినప్పుడు, జతకట్టే కాలంలోను కూడా ఆకలి తగ్గుతుంది. గెకో కొవ్వు నిల్వ చేసుకునేది తోకలోనే కాబట్టి, తోక లావుగా ఉన్నంతవరకు ఆగవచ్చు. తోక సన్నబడుతుంటే మాత్రం పరాన్నజీవులు ఉన్నాయేమో తెలుసుకోవడానికి తాజా మలాన్ని పరీక్షకు ఇవ్వాలి.

ఇసుక నాకడం, మింగడం

కాల్షియం చాలని గెకో నేలను నాకడం మామూలే. కాల్షియం ఇసుక పేరిట అమ్మేది ఇందుకు మందు కాదు, అది పేగులో గడ్డకట్టి దారి మూసేయవచ్చు. ఇసుక తీసి కాగితపు తువ్వాలు పరవండి, మూతలో పొడి పెట్టండి. మలవిసర్జన ఆగి పొట్ట ఉబ్బితే వైద్యుడికి చూపించండి.

గుడ్ల కాలంలో నీరసం

మగది తోడు లేకపోయినా ఆడ గెకో గుడ్లు పెట్టగలదు. ఒక్కో విడతకు సాధారణంగా 2 గుడ్లు, ఒకే కాలంలో అలాంటి విడతలు చాలా రావచ్చు. పెంకుకు కావలసిన కాల్షియం తల్లి నిల్వల నుంచే పోతుంది. ఈ రోజుల్లో ప్రతి మేతలోను డి3 లేని పొడి కలపండి. గుడ్లు పెట్టడానికి తడి నాచు పరిచిన డబ్బా ఉంచండి. పొట్ట చర్మం కింద గుడ్లు కనిపిస్తున్నా పెట్టలేక తవ్వుతూనే ఉండి, తిండి మానేసి నీరసిస్తే ఇక ఆలస్యం చేయవద్దు. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు వాడుతున్న పొడి ప్యాకెట్లను, నేల వేడి లెక్కలను, దీపం మార్చిన తేదీని వెంట తీసుకెళితే, ఎక్స్‌రేతోపాటు అవి కూడా చూసి లోపం ఎక్కడుందో ఆయన త్వరగా తేల్చగలరు.