రింగుల జుట్టుతో ఈత – మూడో పాఠం: నీళ్లలో దిగే ముందు

క్రితం పాఠంలో జుట్టును నాలుగు భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్ని క్లిప్పుతో పట్టి ఉంచడం నేర్చుకున్నారు. ఈ రోజు పనికి అది చేతికి అలవాటై ఉండాలి. ఇంకా తడబడుతుంటే ఇంకో రెండు రోజులు దాన్నే సాధన చేసి ఇక్కడికి రండి.

వారానికి మూడు నాలుగు సార్లు స్విమ్మింగ్ పూల్‌కు వెళ్లేవాళ్లు నన్ను ముందుగా అడిగేది, ఈత అయ్యాక ఏ షాంపూ వాడాలని. జుట్టును కాపాడే పనిలో ముప్పాతిక వంతు నీళ్లలో దిగకముందే అయిపోవాలి. తర్వాత ఎంత ఖరీదైన సీసా తెచ్చినా, జరిగిన నష్టాన్ని కప్పిపెట్టగలదే గానీ వెనక్కి తేలేదు.

కారణం వెంట్రుక ఆకారంలో ఉంది. ఈ పాఠాలు ముఖ్యంగా ఆఫ్రికన్ మూలాలున్నవారి బిగుతు రింగుల జుట్టు గురించి. ఆ వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉండదు, చదునుగా, అండాకారంలో ఉంటుంది. కుదురే వంపు తిరిగి ఉంటుంది కాబట్టి వెంట్రుక మెలికలు పడుతూ పైకి వస్తుంది. తిన్నని జుట్టులో మాడు మీద ఊరే నూనె చివరిదాకా సులువుగా జారుతుంది. ఇక్కడ మెలికలే దానికి అడ్డం, అందుకే చివర్లు ఎప్పుడూ పొడిబారి ఉంటాయి. మెలిక తిరిగిన చోట పైపొర పొలుసులు కాస్త లేచి ఉంటాయి, వెంట్రుక తెగేదీ ఎక్కువగా అక్కడే.

ఇలాంటి జుట్టుకు క్లోరిన్ తగిలితే ఏమవుతుంది? కొలనులో సూక్ష్మజీవులను చంపేది, క్లోరిన్ నీళ్లలో కలిసినప్పుడు పుట్టే హైపోక్లోరస్ ఆమ్లం. వెంట్రుక మీద ఉన్న పలచని కొవ్వు పొరను కూడా అది వదలదు, ఆ పొర పోయాక వెంట్రుకకు అసలు పదార్థమైన ప్రొటీన్, కెరాటిన్, జోలికి వస్తుంది. సరిగ్గా చూసుకునే కొలనులో క్లోరిన్ లీటరుకు సుమారు 1 నుంచి 3 మిల్లీగ్రాములే ఉంటుంది. ఒక్క ఈతతో నష్టం కంటికి కనపడదు. కానీ ఏడాది పొడవునా ఈదేవాళ్లకు అది పేరుకుపోతుంది.

ఇక పనిలోకి వద్దాం. ముందు షవర్ కింద నిలబడి తలంతా మంచినీళ్లతో తడపండి. పైపైన చిలకరిస్తే చాలదు. బిగుతు రింగుల జుట్టు మీద నీళ్లు మొదట పూసల్లా నిలిచి జారిపోతాయి, లోపలికి దిగవు. క్లిప్పులు తీస్తూ ఒక్కో భాగాన్నీ వేళ్లతో విప్పి, కుదుళ్ల దాకా తడిసిందని చేతికి తెలిసేవరకు ఉండండి. బాగా నానిన బియ్యం మళ్లీ నీళ్లు పెద్దగా పీల్చదు, ఇదీ అంతే. మంచినీళ్లతో నిండిన వెంట్రుకలోకి కొలను నీళ్లు వెళ్లడం పూర్తిగా ఆగదు కానీ బాగా తగ్గుతుంది.

తడిసిన జుట్టుకు మామూలు కండిషనర్ పట్టించండి. భాగానికి రెండు వేళ్ల మీద వచ్చేంత చాలు, ఎక్కువ చివర్లకు, తక్కువ కుదుళ్లకు. దాని మీద కొబ్బరినూనె. ఇది మన ఇళ్ల నూనె కదా అని చెప్పడం లేదు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూస్తే, జుట్టులోంచి ప్రొటీన్ పోవడాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగగలదు. అయితే కారేటట్టు పెట్టకండి. కొలను పదిమందిదీ. నూనె, కండిషనర్ టోపీ కిందే ఉండిపోవాలి.

ఇప్పుడు ఒక్కో భాగాన్ని రెండు పాయలుగా తీసి, ఒకదాని మీద ఒకటి మెలిపెట్టి, తలకు ఆనించి పిన్ను పెట్టండి. జుట్టు మరీ పొట్టిగా ఉంటే ఈ పని వదిలేయొచ్చు. నడినెత్తిన ముడి మాత్రం వద్దు. టోపీ పైకి లేచి నీళ్లు లోపలికి వస్తాయి, ముడి వల్ల నుదుటి అంచు వెంట్రుకలు లాగుడు పడతాయి. ఆ అంచు ఒకసారి పలచబడి ఏళ్లు గడిస్తే, అక్కడ మళ్లీ మొలవకపోవచ్చు కూడా.

టోపీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. లాటెక్స్ టోపీ వెంట్రుకలకు అంటుకుని పీకేస్తుంది, దాన్ని పక్కన పెట్టండి. సిలికాన్ మేలు. కానీ మామూలు సైజు టోపీలు చదునుగా అణిగే జుట్టును చూసి చేసినవి. ఒత్తైన రింగుల జుట్టు, పాయలు, జడలు అందులో పట్టవు. బలవంతంగా లాగితే టోపీ చిరుగుతుంది, లేదంటే ఈత మధ్యలో ఊడి నీళ్ల మీద తేలుతుంది. ఈ ఇబ్బంది తీర్చడానికే లండన్‌లో ఇద్దరు మిత్రులు 2017లో సోల్ క్యాప్ అనే పెద్ద టోపీల సంస్థ పెట్టారు. ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఈదిన తొలి నల్లజాతి మహిళ ఆలిస్ డియరింగ్‌తో కలిసి పనిచేశారు. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు, 2021లో, అంతర్జాతీయ ఈత సమాఖ్య ఫీనా ఆ టోపీకి అనుమతి నిరాకరించింది. తల సహజ ఆకారానికి అది సరిపోదన్నది చెప్పిన కారణం. ఎవరి తల సహజమో తేల్చేది ఎవరని ప్రపంచమంతా అడిగింది. 2022 సెప్టెంబరులో ఫీనా అనుమతి ఇచ్చింది. కొనేటప్పుడు ఈ పేరే వెతకనక్కర్లేదు, జుట్టు సిద్ధం చేసుకున్నాక లాగకుండా చెవుల మీదికి దిగేది ఏదైనా సరే.

మా అమ్మాయిది వాళ్ల నాన్న జుట్టు. జుట్టు పాడవుతుంది, ఈత మాన్పించమని నాకు సలహా ఇచ్చినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. మా అత్తగారు మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఆమె తరం నల్లజాతి పిల్లలకు కొలను గేట్లే తెరుచుకోలేదు. మిసిసిపీలోని జాక్సన్ నగరం, నల్లవాళ్లనూ రానివ్వాలని కోర్టు చెప్పాక ఏకంగా తన కొలనులే మూసేసింది. 1971లో సుప్రీంకోర్టు దాన్ని తప్పు పట్టలేదు. ఆ మూసివేతల ఫలితం ఇప్పటికీ ఉంది: అమెరికాలో 10 నుంచి 14 ఏళ్ల నల్లజాతి పిల్లలు కొలనుల్లో మునిగి చనిపోయే రేటు తెల్లజాతి పిల్లల కన్నా 7.6 రెట్లని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, లెక్కగట్టింది. అందుకే ఈ పాఠాలు రాస్తున్నాను. జుట్టు కోసం ఈత మానాల్సిన పని లేదు.

బయటికి వచ్చాక చేయాల్సింది తక్కువే. టోపీ తీసిన వెంటనే, బట్టలు మార్చుకోకముందే, మంచినీళ్లతో బాగా కడగండి. కొలను నీళ్లు జుట్టులో ఆరిపోకూడదు, ముఖ్యమైనది అదొక్కటే. మళ్లీ కండిషనర్ రాసి, వెడల్పు పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయండి. తువ్వాలుతో రుద్దవద్దు, పాత కాటన్ టీషర్టుతో అద్దండి. షాంపూ ప్రతి ఈతకూ అక్కర్లేదు. కుంకుడుకాయ రసం ఈ జుట్టుకు వద్దనే నా మాట. జిడ్డునంతా లాగేస్తుంది, ఇక్కడ కొరతగా ఉన్నదే ఆ జిడ్డు. వారానికో, పది రోజులకో ఒకసారి లోహాలను పట్టుకునే ఈడీటీఏ అనే పదార్థం ఉన్న షాంపూ వాడితే రాగి లాంటి లోహాలు వదులుతాయి. లేతరంగు జుట్టు ఆకుపచ్చగా మారేది క్లోరిన్ వల్ల కాదు, రాగి వల్ల. ఆ షాంపూ వాడిన రోజు తప్పనిసరిగా చిక్కటి కండిషనర్ పెట్టి, ప్లాస్టిక్ కవరు చుట్టి అరగంట ఉంచండి.

రిలాక్సర్‌తో జుట్టు తిన్నగా చేయించుకున్నవాళ్లకు ఒక జాగ్రత్త. ఆ మందు వెంట్రుక లోపలి బంధాలనే తెంపుతుంది, క్లోరిన్ దాని మీద రెండో దెబ్బ. చేయించుకున్న తర్వాత కనీసం వారం, పది రోజులు కొలనుకు దూరంగా ఉండండి.

ఈ వారం సాధన: ప్రతి ఈత తర్వాత దువ్వెనలో మిగిలిన వెంట్రుకలను ఒక తెల్ల కాగితం మీద పరవండి. ఒక చివర చిన్న తెల్లటి ఉబ్బు ఉన్నవి వాటంతట అవే రాలినవి, వాటికి కంగారు వద్దు. ఉబ్బు లేకుండా పొట్టిగా ఉన్న ముక్కలు మధ్యలో తెగినవి. వాటి సంఖ్య ఒక నోటుపుస్తకంలో తేదీతో సహా రాసుకోండి. నాలుగో పాఠంలో తలకు అంటిపెట్టి అల్లే కార్న్‌రోలు, చదరపు పాయలుగా తీసి విడివిడిగా అల్లే బాక్స్ జడలతో ఈదడం, అవి లోపలిదాకా ఆరేలా చూసుకోవడం చూద్దాం. ఆ పాఠానికి ఈ లెక్క దగ్గర ఉంచుకోండి.