కాంపొనెంట్ లైబ్రరీ – నాలుగో పాఠం: జిల్లా పెట్టె నుంచి ఎన్‌పీఎం దాకా

మొదటి మూడు పాఠాల్లో బటన్‌నూ, అక్షరాల పెట్టెనూ ఏ ఫ్రేమ్‌వర్క్ సాయమూ లేకుండా కస్టమ్ ఎలిమెంట్లుగా (మనమే పేరు పెట్టుకునే హెచ్‌టీఎంఎల్ ట్యాగులుగా) తయారుచేసి, మనం అనుకున్న మూడు సైట్లలో, అంటే తిరుపతిలోని ఒక లాడ్జి గదుల బుకింగ్‌లో, చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీవారి రైతు నమోదులో, శ్రీకాళహస్తి కలంకారీ బట్టల అమ్మకంలో వాడి చూశాం. ఈ పాఠంలో మూడింటికీ అవసరమయ్యే జిల్లా ఎంపిక పెట్టెను తయారుచేసి, లైబ్రరీని జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను అందరితో పంచుకునే చోటైన ఎన్‌పీఎంలో ప్రచురిద్దాం. పాఠంలో పేర్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను కానీ, మీ ఫైళ్ళలో అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. ఎలిమెంట్ పేరులో హైఫన్ తప్పనిసరి అని రెండో పాఠంలో చెప్పుకున్నది గుర్తుంచుకోండి.

జిల్లా పెట్టె అనగానే ఎవరికైనా మొదట తోచేది జిల్లాల పేర్లన్నీ కాంపొనెంట్‌లోనే రాసి పెట్టడం. అలా చేయకూడదనడానికి మన ప్రాంతం కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి; అంతకు ముందు రోజు దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుపతి, శ్రీకాళహస్తి కొత్త తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, నెల్లూరు జిల్లాలోని సూళ్ళూరుపేట కూడా అందులోకే వచ్చింది, పలమనేరు, కుప్పం మాత్రం చిత్తూరులోనే ఉండిపోయాయి. జాబితా కాంపొనెంట్ లోపల ఉంటే, ప్రభుత్వం ఒక గీత మార్చినప్పుడల్లా మీరు కొత్త వెర్షన్ ప్రచురించాలి, దాన్ని వాడే ప్రతి సైటూ దాన్ని తెచ్చుకోవాలి. అంతకన్నా చిక్కు ప్రశ్న ఇంకొకటి ఉంది: శ్రీకాళహస్తి వాసి ఒకరు 2021లో గది తీసుకుంటే ఆ నమోదులో ఆయన జిల్లా చిత్తూరు అనే ఉంటుంది, దాన్ని ఇప్పుడు తిరుపతి అని చూపాలా, అలాగే ఉంచాలా అన్నది లాడ్జివారు తేల్చుకోవలసిన విషయమే తప్ప తెర మీది పెట్టెకు తెలియవలసింది కాదు.

కాబట్టి మన ఎలిమెంట్ బయటి నుంచి రెండింటినే తీసుకుంటుంది: ఎంపికల జాబితా, ప్రస్తుత విలువ. జాబితాలోని ప్రతి అంశానికీ ఒక కోడ్, కంటికి కనిపించే ఒక పేరు ఉంటాయి. ఫారంతో పాటు వెళ్ళేది కోడ్ మాత్రమే. ట్యాగులో రాసే అట్రిబ్యూట్లలో అక్షరాల వరుస తప్ప మరేదీ పట్టదు కనుక జాబితాను జావాస్క్రిప్ట్ ప్రాపర్టీగా ఇవ్వాలి. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో 19కి ముందు వెర్షన్లు కస్టమ్ ఎలిమెంట్లకు ఇచ్చినదంతా అట్రిబ్యూట్‌గానే రాసేవి. వాటితో పనిచేసేవారు రెఫ్ (ఎలిమెంట్‌ను నేరుగా అందుకునే రియాక్ట్ సౌకర్యం) ద్వారా ప్రాపర్టీని తామే అమర్చుకోవాలని మీ రీడ్‌మీలో ఒక వాక్యం రాయండి.

ఇక్కడ కొంచెం ఆగాలి. లాడ్జి సైటు జాబితాను సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది, అది రావడానికి సమయం పడుతుంది. పాత అతిథి విలువ మాత్రం పేజీతో పాటే వస్తుంది. అంటే విలువ ముందు, జాబితా తరువాత. మన ఎలిమెంట్ లోపల ఉన్న మామూలు సెలెక్ట్ పెట్టెకు, తన దగ్గర ఇంకా లేని విలువను ఇస్తే అది ఏమీ అనకుండా ఖాళీగా ఉండిపోతుంది. తరువాత జాబితా చేరగానే అందులో మొదటి అంశాన్ని తానే ఎంచుకుంటుంది. జాబితాలో అనంతపురం మొదట ఉందనుకోండి, చిత్తూరు మనిషి ఎవరి ప్రమేయమూ లేకుండా అనంతపురం వాడైపోతాడు, ఫారం భద్రం చేస్తే నమోదు కూడా అలాగే మారిపోతుంది. దీన్ని ఆపాలంటే బయటి నుంచి వచ్చిన విలువను ఎలిమెంట్ తన ప్రైవేట్ ఫీల్డ్‌లో దాచుకుని, జాబితా మారిన ప్రతిసారీ దాన్ని మళ్ళీ అమర్చాలి. జాబితాలో ఆ కోడ్ నిజంగానే లేకపోతే, కోడ్‌నే ఒక తాత్కాలిక అంశంగా చూపించి, పెట్టె మీద హెచ్చరిక చూపాలి. కొందరు ఇలాంటప్పుడు పెట్టెను ఖాళీ చేస్తారు. చూడడానికి అది శుభ్రంగా ఉంటుంది గానీ, అడగకుండా సమాచారాన్ని పారేసే కాంపొనెంట్‌ను నేను నమ్మను.

ఎలిమెంట్ లోపలి భాగాన్ని పేజీ నుంచి వేరుగా ఉంచే షాడో డామ్ లోపలి సెలెక్ట్ బయటి ఫారం కంట పడదు. అందుకే క్లాస్‌లో ఫారం అసోసియేటెడ్ అనే స్టాటిక్ గుర్తును ట్రూ చేసి, అటాచ్ ఇంటర్నల్స్ పిలిచి, విలువ మారినప్పుడల్లా సెట్ ఫారం వాల్యూతో బయటికి తెలపాలి. 2023 మార్చిలో వచ్చిన సఫారీ 16.4తో ఇది ప్రధాన బ్రౌజర్లన్నింటిలోనూ అందుబాటులోకి వచ్చింది.

రూపం విషయంలో మనవాళ్ళకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది వత్తులు. ఇంగ్లీషు అక్షరాలను బట్టి ఎత్తు నిర్ణయించి, పొంగినదాన్ని దాచెయ్యమని సీఎస్ఎస్‌లో రాసిన పెట్టెలో ‘చిత్తూరు’, ‘కుప్పం’ అన్న మాటల కింది వత్తులు తెగిపోతాయి. స్థిరమైన ఎత్తు బదులు కనీస ఎత్తు ఇవ్వండి, పంక్తి ఎత్తును 1.6 దగ్గర పెట్టి చూడండి. పరీక్షకు ‘శ్రీకాళహస్తి’ చాలా పనికొస్తుంది: పైన గుడి, కింద వత్తులు, నడుమ పొడవు అన్నీ ఉన్నాయి. అదే మాట మూడో పాఠంలోని అక్షరాల పెట్టెకూ ఒక పరీక్షే. కంటికి అయిదు అక్షరాలు, మాక్స్‌లెంగ్త్ (పెట్టెలో ఎన్ని పట్టాలో చెప్పే పరిమితి) పొల్లునూ, గుణింతపు గుర్తునూ విడివిడిగా లెక్కిస్తుంది కనుక దాని లెక్కలో పన్నెండు. అందుకని ఊరి పేరుకు పది చాలుననుకున్న పెట్టెలో శ్రీకాళహస్తి పట్టదు.

రంగులు, అక్షరాల పరిమాణం మార్చుకునే వీలును సీఎస్ఎస్ వేరియబుల్స్ ద్వారా ఇవ్వవచ్చు, అవి షాడో డామ్ గోడను దాటి లోపలికి వెళ్తాయి. అయితే ప్రచురించిన ప్రతి వేరియబుల్ పేరూ తెలియనివారికి ఇచ్చిన మాటతో సమానం. వెనక్కి తీసుకుంటే ఎవరిదో ఒక సైటు చెడుతుంది. మూడింటితో మొదలుపెట్టండి, నాలుగోది ఎవరైనా అడిగినప్పుడు చూద్దాం.

ఇక ప్యాకేజీ. ఒక ఫైలులో క్లాస్ మాత్రమే ఉండాలి, ఇంకో ఫైలు దాన్ని తెచ్చుకుని ఎలిమెంట్‌గా నమోదు చెయ్యాలి. ఒకే పేరును రెండోసారి నమోదు చేస్తే బ్రౌజర్ ఎర్రర్ ఇస్తుంది కనుక, ఆ పేరు ముందే ఉందేమో చూసుకున్నాకే నమోదు జరగాలి. ప్యాకేజ్ డాట్ జేసన్‌లో సైడ్ ఎఫెక్ట్స్‌కు ఫాల్స్ అని రాయమని చాలాచోట్ల చెబుతారు. అలా రాస్తే, నమోదు ఫైలు నుంచి ఎవరూ ఏ పేరూ తీసుకోవడం లేదని బండ్లర్ (ఫైళ్ళన్నింటినీ కలిపి, వాడనివి తీసేసే పనిముట్టు) దాన్ని పూర్తిగా తీసిపారేయవచ్చు, అప్పుడు పేజీలో పెట్టె ఉన్న చోట ఏమీ కనిపించదు. ఫాల్స్ బదులు నమోదు ఫైళ్ళ పేర్లను అక్కడ జాబితాగా ఇవ్వండి. బయటివారు ఏయే ఫైళ్ళను తీసుకోవచ్చో చెప్పే ఎక్స్‌పోర్ట్స్‌ను మొదటి రోజే రాయాలి, ఎందుకంటే అందులో లేని దారులన్నీ మూసుకుపోతాయి, ముందు తెరిచి ఉంచి తరువాత మూయడం వాడేవారికి నష్టం. లైసెన్స్ ఫైలు పెట్టడం మరవకండి.

పంపే ముందు ఎన్‌పీఎం ప్యాక్‌ను డ్రై రన్‌గా నడిపితే ఏయే ఫైళ్ళు వెళ్తాయో తెలుస్తుంది. రహస్య కీలున్న ఫైలు ఆ జాబితాలో ఉంటే ఇక్కడే పట్టుకోవాలి. తరువాత నిజంగా ప్యాక్ చేసి, వచ్చిన మూటను మామిడి సైటు ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి నడపండి. మీ పేరుతో ఉన్న స్కోప్ (ప్యాకేజీ పేరు ముందు @తో వచ్చే భాగం) కింద ప్రచురించేటప్పుడు యాక్సెస్‌ను పబ్లిక్ అని చెప్పాలి, లేకపోతే ఎన్‌పీఎం దాన్ని ప్రైవేటుగా భావిస్తుంది.

ఒకసారి ప్రచురించిన పేరు, వెర్షన్ జంటను మళ్ళీ వాడనివ్వరు, మీరు తొలగించినా సరే. 2016 మార్చిలో లెఫ్ట్ ప్యాడ్ అనే పదకొండు పంక్తుల ప్యాకేజీని దాని రచయిత తొలగించగానే, దాని మీద పరోక్షంగా ఆధారపడిన బేబెల్ (కొత్త జావాస్క్రిప్ట్‌ను పాత బ్రౌజర్లకు అర్థమయ్యేలా మార్చే పనిముట్టు) వంటి వాటితో సహా వేల ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. ఆ తరువాత తొలగింపు నిబంధనలు బిగించారు: 72 గంటలు దాటితే, ఇతర ప్యాకేజీలేవీ దాని మీద ఆధారపడకపోవడం వంటి షరతులు నెరవేరితేనే తీయనిస్తారు. తప్పు వెర్షన్ వెళ్ళిపోతే దాన్ని డెప్రికేట్ చేసి (వాడవద్దని గుర్తు పెట్టి), సరిచేసినదాన్ని కొత్త అంకెతో పంపడమే పద్ధతి.

అంకెల సంగతి కొంత మీ విచక్షణకు సంబంధించినది. వత్తు తెగడాన్ని సరిచేస్తే చివరి అంకె, కొత్త అట్రిబ్యూట్ చేరిస్తే నడిమి అంకె, ఈవెంట్ పేరు మారిస్తే మొదటి అంకె అన్నంతవరకు పేచీ లేదు. పెట్టె ఎత్తును 40 నుంచి 44 పిక్సెళ్ళకు పెంచితే? ప్రోగ్రామ్ ఏదీ చెడదు, అయినా ఎవరి పేజీలోనో వరుస కిందికి జారుతుంది. నేనైతే నడిమి అంకె పెంచుతాను. మన లైబ్రరీ 0.1.0తో మొదలవుతుంది. సున్నాతో మొదలయ్యే వెర్షన్ల ముందు క్యారెట్ గుర్తు (^) ఉంటే 0.1.5 దానంతట అదే వస్తుంది, 0.2.0 రాదు, అందువల్ల ఈ దశలో వాడేవారిని ఇబ్బంది పెట్టే మార్పులకు నడిమి అంకె పెంచితే సరిపోతుంది.

అభ్యాసం: మామిడి సైటులో జాబితాను మూడు సెకన్లు ఆలస్యంగా ఇచ్చి, జాబితాలో లేని కోడ్‌తో ఒక రైతు నమోదును తెరిచి, ఏమీ మార్చకుండా భద్రం చేయండి, సర్వర్‌కు చేరిన కోడ్ ఆ నమోదులో మొదట ఉన్నదే అయి ఉండాలి. అది కుదిరాక, జిల్లాను బట్టి మారే మండలాల పెట్టెను ఇదే ఎలిమెంట్‌తో, లోపల ఒక్క పంక్తి కూడా మార్చకుండా తయారుచేయడానికి ప్రయత్నించండి. అయిదో పాఠంలో ఈ రెండింటికీ ఆటోమేటిక్ పరీక్షలు రాద్దాం.